మూత లోపలి తడి

సార్నియా, కెనడా,
12 డిసెంబర్ 2024, గురువారం.

ప్రియమైన స్వీటీకి,

సాత్విక రాయునది. ఉత్తరమంటే ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలని మా తాత కొమరయ్య చిన్నప్పుడు పలక మీద దిద్దించి మరీ నేర్పాడు. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమం, ఇక సంగతికొద్దాం అని దానర్థమట. అందులో నా సగం మాత్రమే నేను రాయగలను. నేను క్షేమమే. రెండో సగం నువ్వు పూరించాలి. అందుకే ఈ ఉత్తరం.

నవ్వకు. ఈ కాలంలో ఉత్తరమేంటే అని నువ్వంటావని తెలుసు. నీ ఫోన్ మార్చి నుంచి స్విచాఫ్. వాట్సాప్‌లో నా మెసేజ్‌లకి ఒక్క టిక్కు తప్ప రెండోది పడలేదు. నీ అడ్రస్ అని నా దగ్గరున్నది ఒక్కటే, సస్కటూన్‌లో నువ్వు బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్న దక్షిణామూర్తి అంకుల్ ఇల్లు. అదీ మీ అమ్మ ఇచ్చింది. అంకుల్ రిటైరైన ప్రొఫెసర్ కదా, ఫోన్లో కూడా పాఠం చెప్పినట్టే మాట్లాడారు. మార్చి పద్దెనిమిదిన పొద్దున ఎవరో కారులో వచ్చారట. ఊరి బయట ఏదో ప్యాకింగ్ పని ఉందని నువ్వు ఎక్కి వెళ్ళావట. సాయంత్రానికి వచ్చేస్తానన్నావట. కాంతం ఆంటీ నీకోసం పప్పుచారు తీసి పక్కన పెట్టిందట. నీ సూట్‌కేసు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. అంకుల్ పోలీసులకి చెప్పారు, వాళ్ళు రాసుకున్నారు, అంతటితో సరి. సూట్‌కేసు కోసమైనా నువ్వు వస్తావని ఆంటీ నమ్మకం. వచ్చినప్పుడు నీ చేతికివ్వమని ఈ కవరు వాళ్ళకి పంపిస్తున్నాను. పోస్టువాళ్ళు నెల్లాళ్ళుగా సమ్మెలో ఉన్నారు. మన క్లాస్ తనీష్ ఇప్పుడు ట్రక్కు నడుపుతున్నాడు. ఆదివారం అటు లోడు ఉందట, దారిలో ఇచ్చి పోతానన్నాడు.

ఇక్కడి కబుర్లు ఏముంటాయి? మంచు మొదలైంది. బస్సు రావాల్సిన టైముకి రాదు, రాకూడని టైముకి మన ముందు నుంచే వెళ్ళిపోతుంది. ఫ్యాక్టరీల గొట్టాల మీద మంట అలాగే మండుతోంది, గాలి ఇటు తిరిగిన రోజు కుళ్ళిన గుడ్ల వాసనా అలాగే ఉంది. పై వాటా లోహిత్ డొక్కు కారులో హీటర్ పోయింది, ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చుంటున్నాం. మన బేస్‌మెంట్‌లో నీ మంచం ఎవరికీ ఇవ్వలేదు. ఇద్దరు అడిగారు. దానికి నల్లులున్నాయని అబద్ధం చెప్పి పంపించేశాను.

సరే, డొంకతిరుగుడు ఎందుకు, అసలు సంగతికి వస్తాను. ఆ ఫిబ్రవరి సాయంత్రం సంగతి. నువ్వు రెండు సబ్జెక్టులు తప్పావని, కాలేజీ నుంచి లెటర్ వచ్చిందని మీ అమ్మకి చెప్పింది నేనే. ఆంటీ సూటిగా అడిగేసరికి దాచలేకపోయాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. తప్పు నాది. అయినా నువ్వు నిలదీసినప్పుడు ఒప్పుకోకుండా నీ మీదే ఎగిరాను. నువ్వు బ్యాగు తీసుకుని మెట్లెక్కుతుంటే కింద నిలబడి అరిచాను. పోవే, ఎక్కడికన్నా పో, నా లెక్కల నువ్వు ఇయ్యాల్టితోని సచ్చినట్టే అన్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూశావు. అప్పుడు సరిగ్గా దీపాలు పెట్టే వేళ. సందెవేళ చెడ్డ మాట అనకూడదు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, వింటే తథాస్తు అనేస్తారు అని మా అమ్మమ్మ ఎన్నిసార్లు మూతి మీద కొట్టిందో. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమే స్వీటీ. ఇన్ని వేల మైళ్ళ దూరం, ఇంత చలిలో వాళ్ళు తిరుగుతారా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పటికీ రోజూ అదే చెప్పుకుంటున్నాను.

రాత్రి ఎప్పుడో తిరిగొచ్చావు గానీ, మర్నాడు లేచేసరికి నువ్వు లేవు. ఫ్రిజ్ మీద కాగితం ఉంది. నా షిఫ్టు నువ్వు చెయ్యి, తోమికో అవ్వకి చెప్పాను అని రాశావు. అంత తిట్టిన దానికి నీ ఉద్యోగం ఇచ్చిపోయావు. ఆ కాగితం చదివి నేను ఎంత ఏడ్చానో ఆ ఫ్రిజ్‌కే తెలుసు. కింద పనుల చిట్టా. క్యాబేజీ దారాల్లా తరగాలి. పెనం వేడి మీదుండగానే గీకాలి. అన్నిటికంటే చివర, కింద రెండు గీతలు గీసి, ఇలా ఉంది. “నాలుగున్నరకి మూలబల్ల మీద పళ్ళెం పెడుతుంది. అవ్వ ముట్టుకోకముందే మూత లోపల తడిగుడ్డతో ఒకసారి తుడువు. ఒక్కరోజు కూడా మర్చిపోకు. ఎందుకని అవ్వని అడగకు.”

తోమికో అవ్వ జపాన్ రొట్టెల షాపు నీకు కొత్త కాదు గానీ, నా కళ్ళతో ఒకసారి చూడు. ప్లాజాలో లాండ్రీకీ ఈ-సిగరెట్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది. ఎనిమిది బల్లలు, ప్రతి బల్ల మధ్యలో ఇనప పెనం. పిండిలో క్యాబేజీ, గుడ్డు, రొయ్యలు కలిపి అంత మందాన పోసి రెండు అట్లకాడలతో తిరగేయడం. జపాన్ పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. నువ్వు దాన్ని క్యాబేజీ దిబ్బరొట్టె అనేదానివి కదా, నేనూ అదే అంటున్నాను. పైన నల్లటి సాసు, తెల్లటి మయోనీస్, ఆపైన ఎండుచేపని ఉల్లిపొరలా చెక్కిన పొట్టు. ఆవిరి తగిలి ఆ పొట్టు మెలికలు తిరుగుతుంటే మొదటిరోజు నేను కెవ్వుమన్నాను. ప్రాణం ఉందనుకున్నాను. అవ్వ పడీ పడీ నవ్వింది. వేడి ఉన్నంతసేపు ఆడుతుంది, భయపడకు అంది.

సాయంత్రం నాలుగున్నరకి షాపులో ఎవరూ ఉండరు. అవ్వ అప్పుడు ఒక రొట్టె తనే వేసేది. అందంగా సాసు గీసి, పొట్టు చల్లి, కిటికీ పక్క మూలబల్ల మీద పెట్టేది. గ్లాసుతో నీళ్ళు, ఒక జత పుల్లలు. ఎదురుగా ఖాళీ కుర్చీ. రొట్టె మీద లక్క పూసిన నల్లటి చెక్క మూత బోర్లించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళేది. ఆ సందులో నేను తడిగుడ్డ పని కానిచ్చేదాన్ని. తర్వాత అవ్వ వచ్చి మూత ఎత్తి లోపల వేళ్ళతో తడిమి చూసుకునేది. కళ్ళలో పొర కదా, వేళ్ళే చూపు. తల ఊపి, హాయిగా నవ్వి, మళ్ళీ పనిలో పడేది. గోడ మీది ఫోటోలో టోపీ పెట్టుకున్న మనిషి వాళ్ళాయన షిగెరు అని, పదిహేనేళ్ళ కింద ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకెళ్ళి తిరిగి రాలేదని తెలిసింది. మంచు మీద గుడారం దొరికింది, ఫ్లాస్కు దొరికింది, మనిషి దొరకలేదు. ఓహో, తద్దినం అన్నమాట అనుకున్నాను. మనం ఏడాదికోసారి పెడతాం, వీళ్ళు రోజూ పెడతారు కాబోలు అని సరిపెట్టుకున్నాను.

కానీ ఒకటి మింగుడు పడలేదు. నేను తుడవడానికి మూత ఎత్తినప్పుడల్లా లోపల పొడిగా ఉండేది. పెనం మీంచి అప్పుడే దిగిన రొట్టె, చెయ్యి పెడితే కాలుతుంది. దాని మీద మూత బోర్లిస్తే చెమట పట్టదా? ఒక్క చుక్క ఉండేది కాదు, అప్పుడే అల్మారాలోంచి తీసినట్టుండేది. ఇంకోటి, పెనం దగ్గర ఆడుతున్న పొట్టు ఆ మూలబల్ల మీద పెట్టగానే టక్కున ఆగిపోయేది. అంటించినట్టు పడుకునేది. పక్క బల్ల మీద పెట్టి చూశాను, ఆడింది. మళ్ళీ మూలకి తెస్తే ఆగింది.

లోహిత్‌కి చెప్తే ఎక్కిరించాడు. కెమికల్ ఇంజనీరింగ్ చదివినోడు కదా, చెక్క నీళ్ళు పీల్చుకుంటుందే పిచ్చిదానా అన్నాడు. అవ్వని బతిమాలి, తోమి తెస్తానని చెప్పి, ఒక ఆదివారం ఆ మూత ఇంటికి తెచ్చాను. లోహిత్ మ్యాగీ వండి దాని మీద బోర్లించాడు. నిమిషం తర్వాత ఎత్తితే బొటబొటా నీళ్ళు కారాయి. వాడు ఆ మ్యాగీ తినలేదు. నేనూ తినలేదు. ఆ రోజు నుంచి వాడు నన్ను దింపడానికి వచ్చినా షాపు లోపలికి అడుగుపెట్టడు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. అక్టోబర్ ఆఖర్న ఒకరోజు అవ్వ నీ గురించి అడిగింది. స్వీటీ బాగుందా, ఫోన్ చేస్తోందా అని. అప్పటిదాకా తప్పించుకుంటున్నాను, ఆ రోజు చెప్పేశాను. మార్చి నుంచి కబురు లేదవ్వా అని. అవ్వ గల్లాపెట్టె కింద సొరుగు తీసి ఏదో వెతికింది. నాలుగున్నరకి చూస్తే మూలబల్ల మీద రెండు పళ్ళేలు ఉన్నాయి. రెండో పళ్ళెం పక్కన నీ పేరు బిళ్ళ. ఏప్రన్‌కి పెట్టుకునేదానివి చూడు, పగిలిన మూలకి టేప్ అంటించింది, అదే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి స్వీటీ. నీ గురించి అవ్వకి ఏదో కబురొచ్చిందనుకున్నాను. పోయినవాళ్ళ పక్కన నీకూ వడ్డించిందంటే ఇంకేం అనుకుంటాను? మనలో బతికున్న మనిషికి ఎవరైనా అలా విస్తరి వేస్తారా? ఏప్రన్ అక్కడే పడేసి, కోటు కూడా వేసుకోకుండా, ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచాను. రాగానే తలమీంచి నీళ్ళు పోసుకున్నాను. లోహిత్‌కి చెప్పాను, పై వాటాలో కుర్రాళ్ళకి తెలిసింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. నీ మంచం మీద దుప్పటి మడత పెట్టి దీపం పెట్టానే. నా చేతులతో పెట్టాను. నేనన్న మాటే నిన్ను తినేసిందని గోడకి తల కొట్టుకున్నాను. లోహిత్ సస్కటూన్‌కి ఫోన్ చేశాడు. దక్షిణామూర్తి అంకుల్ గట్టిగా చీవాట్లు పెట్టారు. ఎవరు చెప్పారయ్యా మీకు, నాకు తెలియకుండా నీకెలా తెలిసింది, ఆధారం లేకుండా ఆడపిల్ల చావు కబురు చెప్తావా అని. వెనకాల కాంతం ఆంటీ ఏడుపు వినిపించింది.

మర్నాడు షాపుకి వెళ్ళి అవ్వ మీద విరుచుకుపడ్డాను. నీకెవరు చెప్పారు, నీ దగ్గర ఏం కాగితం ఉంది అని. అవ్వ తెల్లబోయింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి వేడి టీ ఇచ్చి తన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. అది పోయినవాళ్ళ పళ్ళెం కాదట. ప్రయాణంలో ఉన్నవాళ్ళ పళ్ళెం. ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళు ఎక్కడున్నా ఆకలితో ఉండకూడదని వాళ్ళ నాన్న కోసం వాళ్ళమ్మ పెట్టేదట, తాత కోసం అమ్మమ్మ పెట్టేదట. మూత ఎత్తి చూడాలట. లోపల చెమట పడితే ఆ మనిషి బతికి ఉన్నట్టు, ఎక్కడో ఊపిరి తీస్తున్నట్టు. పొడిగా ఉంటే లేనట్టు. షిగెరు మూత పదిహేనేళ్ళలో ఒక్కరోజు కూడా పొడిగా లేదు తెలుసా అని మురిసిపోతూ చెప్పింది.

నువ్వు ఎందుకు రెండు గీతలు గీశావో అప్పుడు అర్థమైంది. నీకు ఆ పని నేర్పింది ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఆమెకి అంతకుముందున్న పంజాబీ అమ్మాయి, దానికి ఇంకెవరో. అవ్వ మొగుణ్ణి పదిహేనేళ్ళుగా ఒకరి తర్వాత ఒకరు తడిగుడ్డతో బతికించుకుంటూ వచ్చారు. నాకు ఆ రోజు నీ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. నోరుందిగానీ నాకు నీ అంత మనసు లేదే. షిగెరు మూత పని నేను మానలేదు. ఒట్టు.

ఇక నీ మూత సంగతి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు. మొదటిరోజు దాన్ని చూడనన్నాను. నీ స్నేహితురాలిది నేను చూస్తాను, నువ్వు షిగెరుది చూడు అని అవ్వే ఏర్పాటు చేసింది. నేను షిగెరు మూత తుడిచి గుడ్డ కడుక్కొచ్చేలోపు అవ్వ నీ పళ్ళెం దగ్గర నిలబడి ఉంది. సాత్వికా, రా చూడు అని పిలిచింది. తడి! వేలు పెట్టి గీస్తే గీత పడేంత తడి. అవ్వని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాను, నడుం పట్టేసిందని రెండురోజులు మూలిగింది. ఆ రోజు నుంచి ఈ రోజుకి నలభై రోజులు దాటింది. ఒక్కరోజు పొడిగా లేదు. చచ్చిందని కబురొచ్చి అది అబద్ధమైతే ఆ మనిషి ఆయుష్షు పెరుగుతుందని మా అమ్మమ్మ అనేది. మేమంతా కలిసి ఏడ్చిన ఏడుపుకి నువ్వు నూరేళ్ళు దాటిపోతావు, చూసుకో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీ అమ్మ, రత్నకుమారి ఆంటీ, ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. నా బిడ్డ నీతోనన్నా మాట్లాడుతుందా అమ్మా అని అడుగుతుంది. మాట్లాడుతుంది ఆంటీ, ఫెయిలైన సంగతి మీకు తెలిసిందని సిగ్గుపడుతోంది, కొంచెం టైమివ్వండి అంటున్నాను. ఏప్రిల్ నుంచి ఇదే పాట. మొన్న మెసేజ్‌లో ఏం రాసిందని అడిగితే, చలికి పెదాలు పగిలాయని రాసింది ఆంటీ అని నోటికొచ్చింది చెప్పాను. పెదాలకి నెయ్యి రాసుకోమని చెప్పమ్మా అంది. అప్పట్లో ఆ మాటలు ఆడుతుంటే గొంతులో ముల్లు దిగినట్టుండేది. ఈ నలభై రోజులుగా దిగడం లేదు. నీ మూత తడిగా ఉంది కాబట్టి నేను ఆడుతున్నది పూర్తి అబద్ధం కాదని ధైర్యం.

కాబట్టి స్వీటీ, నువ్వు ఎక్కడో ఉన్నావు. నామీద కోపంతో ఉన్నావు. ఉండు, పదేళ్ళు ఉండు, నాకు అభ్యంతరం లేదు. వీసా పోయినా, కాలేజీ పోయినా ఏదో ఒకటి చూసుకోవచ్చు. ఒక్క మెసేజ్ పెట్టు. మాట రాయబుద్ధి కాకపోతే ఒక చుక్క పెట్టి పంపు. నేనన్న ఆ మాటని వెనక్కి తీసుకోవాలంటే నువ్వు బతికున్నానని చెప్పడం తప్ప నాకు వేరే దారి లేదే. పెదాలకి నెయ్యి రాసుకో. మీ అమ్మ చెప్పమంది.

నీ మంచం కాపలా కాస్తూ,
నీ నోటిదురుసు
సాత్విక.

తా.క.
14 డిసెంబర్, శనివారం సాయంత్రం ఆరు గంటలు.

పైన రాసిందంతా గురువారం నాటిది. చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. కానీ రాసినప్పుడు ఆ సంతోషం నిజమైనదే, ఉండనీ.

నిన్న నాలుగున్నరకి సాసు సీసాలు నింపుకుని వంటగదిలోంచి వస్తున్నాను. బయట చీకటి పడుతోంది, కిటికీ అద్దంలో షాపంతా కనిపిస్తోంది. అవ్వ నాకు వీపు పెట్టి మూలబల్ల దగ్గర నిలబడి ఉంది. అద్దంలో ఆమె చేతులు కనిపించాయి. నీ మూత ఎత్తింది. నీ గ్లాసులో రెండు వేళ్ళు ముంచింది. పెనానికి నూనె రాసినట్టు మూత లోపలంతా గుండ్రంగా రాసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ రాసింది. బోర్లించి, సాత్వికా, రా చూడు అని పిలిచింది.

చూశాను. తడిగా ఉందవ్వా అన్నాను. గంటసేపు నోరు మూసుకున్నాను, అంతకన్నా నావల్ల కాలేదు. పెనం గీకుతూ అడిగేశాను. అవ్వ సిగ్గుపడలేదు. మీ తడిగుడ్డ సంగతి నాకు మొదటి అమ్మాయి నుంచీ తెలుసు అంది. ఆవిరికి క్యాబేజీ వాసన ఉంటుంది, గుడ్డకి సబ్బు వాసన ఉంటుంది, పదిహేనేళ్ళుగా నా మూత సబ్బు వాసనే కొడుతోంది అంది. ఎప్పుడూ చూడని మనిషి బతకాలని అంతమంది పిల్లలు తుడుస్తుంటే వద్దని ఎలా అనను అంది. నీ మూత విషయంలో అవ్వ నాకోసం అదే చేసిందట.

అవ్వా, రేపు ఎవరూ ముట్టుకోవద్దు, రెండూ ఉన్నదున్నట్టు చూద్దాం అన్నాను. చాలాసేపు నా ముఖం తడిమి చూసి సరేనంది. అది అవ్వకి ఎంత కష్టమో అప్పుడు నాకు తట్టలేదు.

ఇవాళ రెండు పళ్ళేలు పెట్టాం. నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అవ్వ ముందు షిగెరు మూత ఎత్తింది. పొడిగా ఉంది. అరచేయి మొత్తం లోపల ఆనించి చూసుకుంది. మూతని మెల్లగా బల్ల మీద పెట్టి, ఫోటో వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టింది. ఏడవలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో నీ మూత ఎత్తి నా వేళ్ళని లోపలికి తీసుకెళ్ళింది. తడి తగిలింది. చూశావా, ఉంది, ఉంది అంది. అవ్వ ముఖం వెలిగిపోయింది. నేనూ అవునవ్వా, ఉంది అన్నాను. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

స్వీటీ, ఆవిరి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. నా వేళ్ళకి తగిలినవి చన్నీళ్ళు. నీ రొట్టె మీద పొట్టు ఒక్క రేకు కూడా కదలడం లేదు. నా చెయ్యి పట్టుకున్న అవ్వ వేళ్ళు మూత ఎత్తకముందే తడిగా ఉన్నాయి. తనకోసం అబద్ధమాడుకోలేదు ఆ మనిషి, నాకోసం ఆడింది. నాకు తెలిసిపోయిందని అవ్వకి చెప్పలేదు.

రేపు ఆదివారం. పొద్దున తనీష్ ఈ కవరు తీసుకెళ్తాడు. ఆ తర్వాత ఆంటీ ఫోన్ చేస్తుంది. ఏం చెప్పాలో నాకు తెలియదు.

షాపు నుంచి బయటికి వచ్చేసరికి సందెవేళ. ఫ్యాక్టరీల మీద ఆకాశం ఎర్రగా ఉంది. లోహిత్ కారులో ఎదురుచూస్తున్నాడు. పార్కింగ్ లాట్ మధ్యలో నిలబడి, తల పైకెత్తి, ఆ రోజు మెట్ల కింద అరిచినంత గట్టిగా అరిచాను. స్వీటీ బతికే ఉంది, స్వీటీ క్షేమంగా ఉంది అని మూడుసార్లు అన్నాను. లోహిత్ అద్దం దించి భయంగా చూశాడు. ఇక్కడ పైన తిరిగేవాళ్ళకి తెలుగు రాదేమోనని, ఇంకోసారి ఇంగ్లీషులో కూడా అన్నాను.